లారీ బ్యాటరీ ఎందుకు దిగిపోయింది?

తెనాలిలో ఒక డ్రైవరు ఉన్నాడు. అతనికి సొంతంగా ఒక పాత లారీ ఉంది. లారీ వయసు పదిహేనేళ్ల పైనే. దాని మీదే ఇల్లు గడవాలి. దాని మీదే ఫైనాన్సు వాయిదా కట్టాలి.

పంట కాలంలో బాపట్ల వైపు నుంచి తెనాలి మిల్లులకు ధాన్యం తోలుతాడు. బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన సాంబ మసూరి ధాన్యం ఆ లారీ ఎన్ని వేల బస్తాలు మోసిందో లెక్కలేదు. పంట లేని రోజుల్లో రేపల్లె దాటి నిజాంపట్నం రేవుకు వెళ్తాడు. అక్కడ ఐసు వేసిన చేపలు, రొయ్యలు ఎక్కిస్తాడు.

సంక్రాంతి ముందు లారీ మొరాయించింది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ‘టక్’ మని ఊరుకుంది. బాపట్లలో ఒక కొట్టువాడు చూసి, “బ్యాటరీలు పోయాయి, మార్చాల్సిందే” అన్నాడు. లారీకి రెండు బ్యాటరీలు. రెండూ కొత్తవి కొనాలంటే వేల రూపాయలు కావాలి. డ్రైవరు అప్పు చేసి కొన్నాడు. పాతవి తుక్కు ధరకు అక్కడే ఇచ్చేశాడు.

కొత్త బ్యాటరీలతో లారీ ఠక్కున అందుకుంది. డ్రైవరు సంతోషించాడు.

ఆ సంతోషం రెండు నెలలే.

ఆ రాత్రి ఏం జరిగింది?

ఒక రాత్రి నిజాంపట్నంలో రొయ్యలు ఎక్కించుకుని బయలుదేరారు. రేపల్లె దాటారు. భట్టిప్రోలు దగ్గర పడేసరికి లైట్లు ఎర్రబడ్డాయి. ముందు దారి సరిగా కనిపించడం లేదు. పక్కనే కాలవ. ఎదురుగా గడ్డిమోపు కట్టిన సైకిలు మీద ఒక ముసలాయన వస్తున్నాడు. బాగా దగ్గరికి వచ్చేదాకా ఆయన కనిపించలేదు. డ్రైవరు బ్రేకు తొక్కాడు. లారీ జానెడు దూరంలో ఆగింది. ఇంజను కూడా ఆగిపోయింది.

“అన్నా! చంపేసేవాళ్లం కదే!” అన్నాడు క్లీనరు వణుకుతూ.

డ్రైవరు సెల్ఫ్ కొట్టాడు. ‘టక్’. మళ్లీ అదే చప్పుడు.

లైట్లు లేకుండా రాత్రి పూట వెళ్లడం ప్రాణాలతో చెలగాటం. అందుకని తెల్లారేదాకా అక్కడే ఆగారు. ఐసు కరిగింది. రొయ్యల ధర తగ్గింది. సరుకు ఆసామి కిరాయిలో కోత పెట్టాడు. తెల్లారాక నలుగురి చేత తోయించి లారీని తెనాలికి చేర్చారు.

“కొత్త బ్యాటరీలు కూడా పోయాయి. నన్ను ఆ కొట్టువాడు మోసం చేశాడు” అని డ్రైవరు అందరితో చెప్పాడు.

నిజంగా బ్యాటరీలు పోయాయా? చూద్దాం.

మేస్త్రి అడిగిన ప్రశ్న

తెనాలిలో ఒక ఎలక్ట్రిక్ మేస్త్రి ఉన్నాడు. వయసు అరవై దాటింది. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని వచ్చాడు. డ్రైవరు లారీని ఆయన షెడ్డుకు తీసుకెళ్లాడు.

“బాబాయ్, ఇంకో రెండు బ్యాటరీలు కావాలి. అరువిస్తావా?” అన్నాడు.

మేస్త్రి నవ్వాడు. “కుండలో నీళ్లు లేవు. కుండ చిల్లి పడిందా? లేక కుండలో ఎవరూ నీళ్లు పొయ్యలేదా? ముందు అది తేల్చు. ఆ తరవాత కుండ కొందువుగాని” అన్నాడు.

బ్యాటరీ కరెంటును పుట్టించదు. దాచుకుంటుంది, అంతే. లారీ స్టార్టయ్యేటప్పుడు సెల్ఫ్ మోటారు ఆ కరెంటును వాడుకుంటుంది. ఇంజను తిరగడం మొదలయ్యాక ఆల్టర్నేటరు కరెంటును పుట్టిస్తుంది. లైట్లకు, హారనుకు, వైపరుకు అదే ఇస్తుంది. మిగిలిన దాన్ని బ్యాటరీలోకి పంపుతుంది. దీన్నే ఛార్జింగు అంటారు.

ఆల్టర్నేటరు ఎలా పనిచేస్తుంది? సైకిలు డైనమోను చూశారు కదా. చక్రం తిరిగితే డైనమో తిరుగుతుంది, దీపం వెలుగుతుంది. తీగచుట్ట దగ్గర అయస్కాంతం తిరిగితే తీగలో కరెంటు పుడుతుంది. ఈ సంగతిని 1831లో మైకేల్ ఫారడే అనే ఇంగ్లండు శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఆయన కమ్మరి కొడుకు. బడిలో చదివింది చాలా తక్కువ. పుస్తకాలు కుట్టే పనిలో చేరి, ఆ పుస్తకాలే చదివి నేర్చుకున్నాడు. లారీ ఆల్టర్నేటరు కూడా అదే సూత్రం మీద నడుస్తుంది. దాన్ని తిప్పేది ఇంజను. ఇంజనుకూ ఆల్టర్నేటరుకూ మధ్య ఉండేది బెల్టు.

వద్దన్న పని

డ్రైవరు ఇంజను స్టార్టు చేయించి, స్పానరు పట్టుకుని బ్యాటరీ పెట్టె దగ్గరికి వెళ్లాడు.

“ఏం చేస్తున్నావయ్యా?” అన్నాడు మేస్త్రి.

“బ్యాటరీ వైరు పీకేస్తా బాబాయ్. ఇంజను ఆగకుండా, లైట్లు వెలిగితే ఛార్జింగు ఉన్నట్టు. మా గురువు ఇట్లాగే చూసేవాడు.”

“ఆగు! ముట్టుకోకు!” అని మేస్త్రి గట్టిగా అరిచాడు.

ఎందుకు అరిచాడు? ఎప్పుడో పాత లారీలకు డైనమోలు ఉండేవి. ఆ రోజుల్లో కొందరు అలా చూసేవారు. ఆల్టర్నేటరులో డయోడ్లు అనే చిన్న భాగాలు ఉంటాయి. కరెంటును ఒకే వైపు వెళ్లనివ్వడం వాటి పని. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ వైరు తీసేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగురుతుంది. డయోడ్లు, రెగ్యులేటరు కాలిపోతాయి. బాగున్న ఆల్టర్నేటరు కూడా చెడిపోతుంది. పైగా బ్యాటరీ దగ్గర మండే వాయువు ఉంటుంది. వైరు పీకినప్పుడు నిప్పురవ్వ లేస్తే బ్యాటరీ పేలవచ్చు. యాసిడ్ కళ్లలో పడవచ్చు.

“మరి ఎట్లా చూడాలి?” అని అడిగాడు డ్రైవరు.

“మీటరుతో చూడాలి. నువ్వు రాత్రిబడికి వెళ్లావు కదా. అంకెలు వచ్చు కదా. నేను మీటరు పెడతాను. నువ్వు చదువు. క్లీనరు రాస్తాడు” అన్నాడు మేస్త్రి.

ముందు కంటితో, చేతితో

మీటరు తీయకముందు మేస్త్రి ఇంజను ఆపించాడు. నాలుగు సంగతులు చూశాడు.

ఒకటి, బెల్టు. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కాడు. సుమారు అర అంగుళం లోపలికి వెళ్లింది. అది సరైన బిగువు. అంతకన్నా బాగా లోపలికి వెళితే బెల్టు వదులైనట్టు. వదులు బెల్టు జారుతుంది. లైట్లు వేసినప్పుడు కీచుమని అరుస్తుంది. మరీ బిగించినా ఆల్టర్నేటరు బేరింగులు పోతాయి. బెల్టుకు పగుళ్లు ఉన్నా, నూనె అంటినా, అంచులు అద్దంలా మెరుస్తున్నా మార్చాలి.

రెండు, బ్యాటరీ టెర్మినళ్లు. వాటి మీద తెల్లగా, నీలంగా పొడి పేరుకుంటే కరెంటు సరిగా పారదు. వంటసోడా కలిపిన నీళ్లతో కడగాలి. ఆ నీళ్లు బ్యాటరీ లోపల పడకూడదు. తుడిచి, బిగించి, పైన వాసెలిను రాయాలి.

మూడు, బ్యాటరీలో నీళ్లు. లోపలి పలకలు మునిగి ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటరు మాత్రమే పొయ్యాలి. కాలవ నీళ్లు, బోరు నీళ్లు పొయ్యకూడదు.

నాలుగు, ఎర్రదీపం. డాష్ బోర్డు మీద బ్యాటరీ బొమ్మతో ఒక ఎర్రదీపం ఉంటుంది. తాళం తిప్పగానే అది వెలగాలి. ఇంజను అందుకోగానే ఆరిపోవాలి. ఇంజను తిరుగుతున్నా వెలుగుతూనే ఉంటే ఛార్జింగు లేనట్టు. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోతే బల్బు మాడిందేమో చూడాలి. చాలా లారీల్లో ఆల్టర్నేటరును మేల్కొలిపే తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది. చిన్న బల్బు మాడితే పెద్ద ఆల్టర్నేటరు నిద్రపోవచ్చు.

ఈ లారీలో ఎర్రదీపం వెలిగింది. ఇంజను అందుకోగానే ఆరింది. బెల్టు బాగుంది. టెర్మినళ్లు శుభ్రంగా ఉన్నాయి. నీళ్లు సరిపడా ఉన్నాయి.

“అన్నీ బాగున్నాయి. అంటే బ్యాటరీలే పోయాయి” అన్నాడు డ్రైవరు.

“తొందరపడకు. అంకెలు ఏం చెబుతాయో విందాం” అన్నాడు మేస్త్రి.

అంకెలు చెప్పిన నిజం

మేస్త్రి మీటరును డీసీ వోల్టుల గుర్తు దగ్గర పెట్టాడు. ఎర్ర తీగ ప్లస్సుకు, నల్ల తీగ మైనస్సుకు. ఇంజను ఆపి కొంతసేపు అయింది. లైట్లు లేవు. ఒక్కో బ్యాటరీని విడిగా చూశారు.

“పన్నెండు పాయింటు సున్నా” అని చదివాడు డ్రైవరు. రెండోదీ 12.0 చూపింది.

నిండిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 ఉంటే సుమారు సగం ఉన్నట్టు. 12.0 అంటే బాగా దిగిపోయినట్టు.

“రెండూ సమానంగా దిగాయి. ఇది మంచి గుర్తు. ఒకటి బాగుండి ఒకటి దిగితే వేరే కథ” అన్నాడు మేస్త్రి. 24 వోల్టుల లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు ఒకదాని వెనక ఒకటి కలుపుతారు. కొందరు పాటల పెట్టెకు ఒక్క బ్యాటరీ నుంచే తీగ లాగుతారు. అప్పుడు ఆ ఒక్కటే దిగిపోతుంది. మంచిదాన్నీ పాడు చేస్తుంది.

తరవాత లారీని తోయించి ఇంజను స్టార్టు చేశారు. హెడ్ లైట్లు వేశారు. ఎందుకంటే కరెంటు పారుతున్నప్పుడే తీగలోని లోపం బయటపడుతుంది. ఆల్టర్నేటరు దగ్గర మీటరు పెట్టారు. తిరిగే బెల్టుకు చేతులు, తువ్వాలు తగలకుండా చూసుకున్నారు.

ఆల్టర్నేటరు దగ్గర 28.1 వచ్చింది. “ఇది బాగుంది” అన్నాడు మేస్త్రి.

బ్యాటరీల దగ్గర రెండింటికీ కలిపి చూశారు. 25.3 వచ్చింది.

క్లీనరు పలక మీద ఇలా రాశాడు:

ఆల్టర్నేటరు దగ్గర: 28.1
బ్యాటరీ దగ్గర: 25.3
తేడా: 2.8

“పుట్టింది ఇరవై ఎనిమిది. చేరింది ఇరవై ఐదు. దగ్గర దగ్గర మూడు వోల్టులు దారిలో ఎక్కడికి పోయాయి?” అని అడిగాడు మేస్త్రి.

డ్రైవరు ఆలోచించాడు. అతని అన్నకు రేపల్లె దగ్గర కాలవ చివర ఎకరం పొలం ఉంది. “బాబాయ్, ఇది మా అన్న చేను లాంటిదే. బ్యారేజీ దగ్గర నీళ్లు వదులుతారు. తెనాలిలో కాలవ నిండుగా పారుతుంది. మధ్యలో పూడిక ఉంటే చివరి చేనుకు తడి కూడా అందదు” అన్నాడు.

“అదీ మాట! పూడిక ఎక్కడుందో వెతుకుదాం పద” అన్నాడు మేస్త్రి.

పూడిక దొరికింది

కరెంటుకు రెండు దారులు కావాలి. ప్లస్సు తీగ ఒక దారి. లారీ ఇనుప శరీరం ఇంకో దారి. దీన్నే ఎర్తు అంటారు. ముందు ఎర్తు చూశారు. బ్యాటరీ మైనస్సుకూ ఆల్టర్నేటరు ఒంటికీ మధ్య మీటరు పెట్టారు. 0.1 వచ్చింది. అంటే ఎర్తు బాగుంది.

తరవాత ఆల్టర్నేటరు ప్లస్సుకూ బ్యాటరీ ప్లస్సుకూ మధ్య మీటరు పెట్టారు. 2.7 వచ్చింది.

0.1, 2.7 కలిపితే 2.8. లెక్క సరిపోయింది. లోపం ప్లస్సు తీగలోనే ఉంది.

మేస్త్రి ఆ తీగ వెంబడే వెళ్లాడు. బ్యాటరీ పెట్టె వెనక, బాడీ కింద, ఒక చోట నల్ల టేపు చుట్టి ఉంది. దగ్గరగా చెయ్యి పెడితే వేడి తగిలింది. ఇంజను ఆపించాడు. బ్యాటరీ మైనస్సు వైరు ముందుగా తీయించాడు. అప్పుడు టేపు విప్పాడు.

ఎప్పుడో ఎవరో తీగ తెగితే మెలిపెట్టి టేపు చుట్టారు. ఆ రాగి తీగ ఇప్పుడు ఆకుపచ్చగా మారింది. ముట్టుకుంటే పొడి రాలింది. పది పోగుల్లో రెండు మూడే మిగిలాయి.

“ఇట్లా ఎందుకయింది బాబాయ్?” అన్నాడు క్లీనరు.

“నిజాంపట్నంలో ఏం ఎక్కిస్తారు?”

“రొయ్యలు. ఐసు.”

“ఐసు కరిగిన నీళ్లు, చేపల ఉప్పునీళ్లు బాడీ సందుల్లోంచి ఎక్కడ పడతాయి?”

క్లీనరు పైకి చూశాడు. సరిగ్గా ఆ అతుకు పైనే బాడీ పలకల మధ్య సందు ఉంది. ఉప్పునీరు రాగిని తినేస్తుంది. ధాన్యం తోలే లారీలో ఇంత త్వరగా తినదు.

ఇప్పుడు కథ అంతా అర్థమైంది. ఆల్టర్నేటరు బాగానే పుట్టిస్తోంది. అందుకే ఎర్రదీపం వెలగలేదు. బ్యాటరీకి మాత్రం చేరేది అంతంతమాత్రం. కుదుపులకు అతుకు ఒకసారి కలుస్తుంది, ఒకసారి వదులవుతుంది. పగలు లైట్లు లేవు కాబట్టి నెట్టుకొచ్చింది. రాత్రి హెడ్ లైట్లు వేస్తే బ్యాటరీ తన దగ్గర ఉన్నది ఖర్చు పెట్టింది. రెండు నెలల్లో ఖాళీ అయింది.

డ్రైవరు నోరు తెరిచాడు. “అయితే సంక్రాంతి ముందు తుక్కుకు ఇచ్చిన పాత బ్యాటరీలు?”

మేస్త్రి వెంటనే మాట్లాడలేదు. “అవీ మంచివేనేమో. ఎవరూ కొలిచి చూడలేదుగా” అన్నాడు.

బాగు చేసిన తీరు

మేస్త్రి అతుకు తీగను పూర్తిగా తీసేశాడు. ముందున్నంత మందం ఉన్న కొత్త తీగ వేశాడు. సన్న తీగ వేస్తే వేడెక్కి కాలుతుంది. రెండు చివర్లా లగ్గులు గట్టిగా నొక్కి, సీసం పోసి అతికాడు. తగిలే చోట్లను గరుకు కాగితంతో మెరిసేలా రుద్దాడు. బోల్టు బిగించి వాసెలిను రాశాడు. తీగను గొట్టంలో దూర్చి, నీళ్లు పడని వైపు నుంచి తీసుకెళ్లాడు. మధ్యలో అతుకు పెట్టలేదు. చివరగా మైనస్సు వైరు బిగించాడు.

తీసేటప్పుడు మైనస్సు ముందు. పెట్టేటప్పుడు మైనస్సు చివర. ఎందుకు? మైనస్సు తీసేశాక స్పానరు పొరపాటున లారీ ఇనుముకు తగిలినా నిప్పు లేవదు.

బ్యాటరీలను ఆ రాత్రంతా షెడ్డులో నెమ్మదిగా ఛార్జి చేశారు. గాలి వచ్చే చోట పెట్టారు. దగ్గర బీడీ కాల్చనివ్వలేదు. పొద్దున కొలిస్తే ఒక్కోటి 12.6 చూపింది. సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంది. లైట్లు వేసి మళ్లీ కొలిచారు.

ఆల్టర్నేటరు దగ్గర: 28.1
బ్యాటరీ దగ్గర: 27.8
తేడా: 0.3

కొత్త బ్యాటరీలు కొనలేదు. ఖర్చయింది రెండు బారల తీగ, రెండు లగ్గులు, మేస్త్రి కూలి.

డ్రైవరు ఒక అట్టముక్క మీద ఆ అంకెలు రాసుకున్నాడు. క్యాబిను తలుపుకు లోపల అంటించాడు. ఇప్పుడు నెలకోసారి కొలుస్తాడు. నిజాంపట్నం నుంచి వచ్చిన ప్రతిసారీ క్లీనరు బాడీ కింద మంచినీళ్లతో కడుగుతాడు.

మొన్న బాపట్లలో ఇంకో లారీ ఆగిపోయింది. “బ్యాటరీ పోయింది” అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

“కొలిచారా?” అని అడిగాడు మన డ్రైవరు.

గుర్తుంచుకోండి

ఇంజను ఆగి ఉన్నప్పుడు
12 వోల్టుల లారీ: నిండితే 12.6
24 వోల్టుల లారీ: నిండితే 25.2

ఇంజను తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర
12 వోల్టుల లారీ: సుమారు 13.8 నుంచి 14.4
24 వోల్టుల లారీ: సుమారు 27.6 నుంచి 28.4

బ్యాటరీ దగ్గర తక్కువ, ఆల్టర్నేటరు దగ్గర సరిగ్గా ఉంటే: తీగలో గాని, ఎర్తులో గాని లోపం.

రెండు చోట్లా తక్కువ ఉంటే: బెల్టు, ఎర్రదీపం బల్బు, ఫ్యూజు చూడాలి. అవి బాగుంటే ఆల్టర్నేటరు విప్పించాలి. లోపలి కార్బన్లు అరిగి ఉండవచ్చు. రెగ్యులేటరు గాని, డయోడ్లు గాని పోయి ఉండవచ్చు.

మరీ ఎక్కువ ఉంటే: రెగ్యులేటరు లోపం. బ్యాటరీ నీళ్లు మాటిమాటికీ తగ్గుతాయి. బల్బులు తరచూ మాడతాయి.

ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ వైరు ఎప్పుడూ తీయవద్దు.

యాసిడ్ ఒంటి మీద గాని, కంట్లో గాని పడితే వెంటనే ధారగా మంచినీళ్లతో చాలాసేపు కడగాలి. కంట్లో పడితే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

లైట్లు సరిగా లేని బండిని రాత్రి పూట నడపవద్దు.

ఆలోచించండి, చెప్పండి

1. ఎర్రదీపం ఆరినా బ్యాటరీ ఎందుకు దిగిపోయింది?
2. డ్రైవరు బ్యాటరీ వైరు పీకబోతే మేస్త్రి ఎందుకు ఆపాడు?
3. నిజాంపట్నం వెళ్లే లారీకి తీగలు త్వరగా ఎందుకు పాడవుతాయి?
4. మీ ఊళ్లో ఏదైనా యంత్రం ఆగితే ముందు ఏం చేస్తారు? కొలిచి చూస్తారా, కొత్తది కొంటారా?

లెక్క చెయ్యండి

1. ఒక లారీలో ఆల్టర్నేటరు దగ్గర 28.0, బ్యాటరీ దగ్గర 26.2 వచ్చింది. తేడా ఎంత?
2. ఆ లారీలో ఎర్తు దగ్గర కొలిస్తే 1.6 వచ్చింది. ప్లస్సు తీగలో పోయేది ఎంత? లోపం ఏ దారిలో ఉంది?